హైఫై అరలోకి స్ట్రీమర్: దేవనహళ్ళి ఇళ్ళలో ఎంపిక లెక్కలు

మ్యూజిక్ స్ట్రీమర్ అంటే ఇంటర్నెట్‌లోనో, ఇంట్లోని హార్డ్ డిస్క్‌లోనో ఉన్న పాటను అందుకొని యాంప్లిఫయర్‌కు అప్పగించే పెట్టె. దానికి సొంత స్పీకర్లుండవు. చాలావాటికి తెర కూడా ఉండదు, మీటలన్నీ ఫోన్‌లోనే. రికార్డ్ ప్లేయరు, టేప్ డెక్కు, సీడీ ప్లేయరు వరసగా ఖాళీ చేసి వెళ్ళిన అరలో ఇప్పుడు ఇది కూర్చుంటోంది. ధర కొన్ని వేల దగ్గర మొదలై లక్షల దాకా పోతుంది. ఆ తేడాలో చెవికి తెలిసేది తక్కువ, రోజువారీ వాడకంలో తెలిసేది ఎక్కువ.

బెంగళూరుకు ఉత్తరాన ఉన్న దేవనహళ్ళికి చాలాకాలం రెండే గుర్తింపులు: టిప్పు సుల్తాన్ పుట్టిన ఊరన్న పేరు, జీఐ గుర్తింపు పొందిన పంపరపనస. ఇప్పుడు కెంపేగౌడ పేరుతో ఉన్న అంతర్జాతీయ విమానాశ్రయం 2008 మే 24న ఇక్కడ మొదలయ్యాక ఊరి చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లు, విల్లాలు లేచాయి. 44వ నంబరు జాతీయ రహదారి ఊరి పక్క నుంచే బాగేపల్లి, పెనుకొండ, అనంతపురం మీదుగా హైదరాబాదుకు పోతుంది. చిక్కబళ్ళాపురం, కోలారు వైపు తరతరాలుగా తెలుగు మాట్లాడుకునే కుటుంబాలు ఒకపక్క, సాఫ్ట్‌వేర్ కొలువులకు వచ్చి కొత్త లేఅవుట్లలో స్థిరపడినవాళ్ళు మరోపక్క. ఇలాంటి తెలుగు ఇంట్లో ఒక్కరోజులో వినిపించే సంగీతం ఒక్క రకం కాదు. పొద్దున్నే పెద్దవాళ్ళకు రేడియో, మధ్యాహ్నం ఘంటసాల, సాయంత్రం పిల్లల కొత్త సినిమా పాటలు, రాత్రి ఎవరిదో కర్ణాటక కచేరీ. ఇవన్నీ ఒక్కచోట దొరకవు. అందువల్ల లండన్, న్యూయార్క్ పత్రికల్లో ఐదు నక్షత్రాలు కొట్టేసిన పెట్టె ఇక్కడికొచ్చాక సగం పనే చేయవచ్చు. లోపం పెట్టెది కాదు. ఆ సమీక్షలు ఈ ఇంటి కోసం రాసినవి కావు.

పెట్టె చేసే పని

స్ట్రీమర్ పాట ఫైలును నెట్‌వర్క్ మీదుగా తెచ్చుకుంటుంది, విప్పి వరుసలో పేరుస్తుంది, ఆ అంకెలను యాంప్లిఫయర్‌కు అర్థమయ్యే విద్యుత్ తరంగంగా మారుస్తుంది. ఈ చివరి పని చేసే భాగాన్ని డాక్ అంటారు. కొన్ని స్ట్రీమర్లలో డాక్ ఉండదు. అవి అంకెలను అలాగే ఆప్టికల్, కోయాక్సియల్ లేదా యూఎస్‌బీ తీగ ద్వారా బయటికి పంపుతాయి. ఇంట్లో ఇప్పటికే ఉన్న యాంప్లిఫయర్ వెనక ఆప్టికల్ రంధ్రం ఉందంటే దాని లోపల డాక్ ఉన్నట్టే. అలాంటప్పుడు స్ట్రీమర్‌లో ఖరీదైన డాక్ కోసం డబ్బు పోయడం ఒకే వస్తువును రెండుసార్లు కొనడం. పాత సోనోడైన్, నాడ్, మరాంట్జ్ యాంపుల్లో ఎరుపు తెలుపు ఆర్‌సీఏ రంధ్రాలే ఉంటాయి కాబట్టి వాటికి డాక్ ఉన్న స్ట్రీమరే కావాలి.

ఫోన్ నుంచి బ్లూటూత్‌లో పాట పంపితే సరిపోదా అని అడిగేవాళ్ళుంటారు. నేపథ్యంలో ఏదో వినబడితే చాలనుకునేవాళ్ళకు సరిపోతుంది. అయితే బ్లూటూత్‌లో పాట ఫోన్ గుండానే వెళ్తుంది. ఫోన్ మోగితే సంగీతం ఆగుతుంది, ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వెళ్తే తెగిపోతుంది, పాట మరోసారి కుదింపుకు గురవుతుంది. స్పాటిఫై కనెక్ట్, గూగుల్ క్యాస్ట్ వంటి పద్ధతుల్లో ఫోన్ రిమోట్ మాత్రమే. ఏ పాట కావాలో అది చెబుతుంది, ఆ తర్వాత స్ట్రీమరే నేరుగా సర్వర్ నుంచి తెచ్చుకుంటుంది. ఫోన్ తీసుకుని బయటికి వెళ్ళిపోయినా ఇంట్లో పాట సాగుతూనే ఉంటుంది. ఆపిల్ ఎయిర్‌ప్లే ఈ రెంటికీ నడుమది: వైఫై మీద నడుస్తుంది, కానీ ఐఫోన్‌లోని ఆప్ నుంచి పంపితే సాధారణంగా పాట ఆ ఫోన్ మీదుగానే పోతుంది.

ఇరవై అయిదేళ్ళ కథ

2001లో అమెరికాలో స్లిమ్ డివైసెస్ అనే చిన్న సంస్థ కంప్యూటర్‌లోని ఎంపీత్రీలను హైఫైకి చేరవేసే పెట్టెను అమ్మకానికి పెట్టింది. దాని వారసుడు స్క్వీజ్‌బాక్స్. 2006లో లాజిటెక్ ఆ సంస్థను కొనేసి, 2012లో ఆ శ్రేణిని ఆపేసింది. పెట్టెలు మాత్రం చావలేదు. వాటిని నడిపించే సర్వర్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్ కావడంతో అభిమానులే దాన్ని మోశారు. 2024లో లాజిటెక్ తన ఆన్‌లైన్ సేవను మూసేసినా అదే సాఫ్ట్‌వేర్ లిరియన్ మ్యూజిక్ సర్వర్ అన్న కొత్త పేరుతో నడుస్తోంది. స్కాట్లండ్‌లోని లిన్ సంస్థ 2007లో క్లైమాక్స్ డీఎస్ అనే స్ట్రీమర్ తెచ్చి, 2009 చివరికల్లా సీడీ ప్లేయర్ల తయారీకి స్వస్తి చెప్పింది. అప్పట్లో అది తొందరపాటని చాలామంది అనుకున్నారు.

మన దేశంలో సామాన్యుడి హైఫైకి మొదటి స్ట్రీమర్ బహుశా క్రోమ్‌క్యాస్ట్ ఆడియో. అరచేతిలో ఇమిడే ఆ నల్లని బిళ్ళను గూగుల్ 2015లో విడుదల చేసింది. పాత యాంపుకు తగిలిస్తే చాలు, ఫోన్‌లోని పాట హాల్లో మోగేది. ఆప్టికల్ తీగకు కూడా వీలుండేది. 2019 జనవరిలో గూగుల్ దాన్ని ఆపేసింది. అమ్మిన బిళ్ళలు మాత్రం పనిచేస్తూ వచ్చాయి. 2025 మార్చిలో వాటి లోపలి భద్రతా ధ్రువపత్రం గడువు ఒక్కసారిగా తీరిపోవడంతో ప్రపంచమంతటా కొన్ని రోజులు మూగబోయాయి. గూగుల్ ఒక అప్‌డేట్ పంపి వాటిని మళ్ళీ పలికించింది. వస్తువు అరలో చెక్కుచెదరకుండా ఉంది, తీగలు బాగానే ఉన్నాయి, లోపలి ధ్రువపత్రంలో ఒక తేదీ దాటింది, అంతే.

ఆడియోలో పెద్ద పేరున్న సంస్థలకూ ఈ సాఫ్ట్‌వేర్ జబ్బు తప్పలేదు. స్పీకర్ల సంస్థ సోనోస్ 2024 మే నెలలో తన ఆప్‌ను పూర్తిగా మార్చి విడుదల చేసింది. అలారాలు, స్లీప్ టైమరు వంటి పాత సౌకర్యాలు అందులో కనబడలేదు. గొడవ నెలల తరబడి సాగి, 2025 జనవరిలో సీఈఓ పాట్రిక్ స్పెన్స్ పదవి వదులుకోవడంతో పతాక స్థాయికి చేరింది. యాంప్లిఫయర్ ముప్ఫై ఏళ్ళు పనిచేస్తుంది, స్పీకర్లూ అంతే. స్ట్రీమర్ ఆయుష్షు మాత్రం దాని సాఫ్ట్‌వేర్‌ను చూసుకునేవాళ్ళ ఓపికను బట్టి ఉంటుంది. కొనేటప్పుడు ఆ సంస్థ అయిదేళ్ళ కిందటి తన పెట్టెలకు ఇప్పటికీ అప్‌డేట్లు పంపుతోందా అని చూడటం, డాక్ చిప్ పేరు చూడటం కంటే ముఖ్యం.

ఈ చరిత్రలో బెంగళూరుకూ చిన్న పాత్ర ఉంది. రాస్‌ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటర్‌ను స్ట్రీమర్‌గా మార్చుకునేవాళ్ళ కోసం బెంగళూరుకు చెందిన అలో అనే సంస్థ బాస్, డిజీవన్, కటానా వంటి బోర్డులు తయారుచేసింది. బాస్, కటానా డాక్ బోర్డులు. డిజీవన్ అంకెలను శుభ్రంగా బయటికి పంపే బోర్డు. కొన్ని వేల రూపాయల వస్తువు లక్షల పెట్టెలతో పోటీపడుతోందని విదేశీ అభిరుచి వర్గాల్లో వాటికి మంచి పేరొచ్చింది. వాటి మీద నడిచే సాఫ్ట్‌వేర్లలో వొల్యూమియో ఇటలీలో పుట్టింది, మూడ్, పైకోర్‌ప్లేయర్ ఉచితం. ఓపిక, కాస్త లినక్స్ పరిచయం ఉన్న దేవనహళ్ళి ఇంజనీరుకు ఇది ఇప్పటికీ సరదా మార్గమే. అయితే ఇంట్లో అమ్మానాన్నలు కూడా వాడాలంటే ఆ సరదాను పక్కన పెట్టడం మేలు. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ మెమొరీ కార్డు పాడైందేమోనన్న భయం వేరే ఉంటుంది.

అసలు ప్రశ్న: పాట ఎక్కడుంది?

విదేశీ సమీక్షల్లో ప్రతి పేజీలో కనబడే రెండు పేర్లు టైడల్, కోబజ్. అధిక నాణ్యత సంగీతానికి అవి పేరుపడ్డాయి, దాదాపు ప్రతి హైఫై స్ట్రీమర్ ఆప్‌లో అవే ముందు వరుసలో కూర్చుంటాయి. ఆ రెండూ మన దేశంలో అధికారికంగా సేవలందించడం లేదు. అమెరికా నుంచి తిరిగొచ్చినవాళ్ళు పాత ఖాతాతో కొంతకాలం నెట్టుకొస్తారు, అది ఎప్పుడు ఆగుతుందో తెలియని ఏర్పాటు. రూన్ అనే సాఫ్ట్‌వేర్‌కూ ఇదే చిక్కు. 2023 నవంబరులో హర్మన్ సంస్థ కొన్న ఈ రూన్ పాటల వివరాలను, గాయకుల సమాచారాన్ని అల్లి చూపించే తీరు నిజంగా ముచ్చటైనది. అది టైడల్, కోబజ్ వంటివాటితోనే కలిసి పనిచేస్తుంది. స్పాటిఫై, ఆపిల్ మ్యూజిక్, జియోసావన్ దాని గడప తొక్కలేవు. కాబట్టి ఇక్కడ రూన్‌కు చందా కట్టేవాళ్ళు ప్రధానంగా తమ సొంత సీడీల ఖజానా కోసమే కట్టాలి.

ఇక్కడ నిజంగా వాడేవి వేరు. స్పాటిఫై 2019 ఫిబ్రవరిలో భారత్‌లో అడుగుపెట్టింది. హెచ్‌ఎంవీ కాలం నాటి పాటల హక్కులున్న సరేగమతో దానికి తగువు వచ్చి, ఆ పాటలు కొంతకాలం కనబడలేదు. 2020లో ఒప్పందం కుదిరాక తిరిగొచ్చాయి. ఘంటసాల, సుశీల పాటల కోసం వెతికే శ్రోతకు ఆ ఒప్పందం ఏ చిప్ కంటే కూడా పెద్ద వార్త. మామూలు ప్రీమియంలో స్పాటిఫై గరిష్ఠంగా సెకనుకు 320 కిలోబిట్ల ఓగ్ వోర్బిస్ ఇస్తుంది. నాణ్యత నష్టం లేని లాస్‌లెస్ 2025లో వచ్చింది. ఆ ఏడాది నవంబరులో ప్లాటినం పథకంతో మన దేశానికీ చేరింది. అది స్ట్రీమర్‌లో వినబడాలంటే స్ట్రీమర్ తయారీదారు కూడా తన సాఫ్ట్‌వేర్‌ను అందుకు సిద్ధం చేసి ఉండాలి. కొనే ముందు అడిగి తేల్చుకోవలసిన విషయమిది.

ఆపిల్ మ్యూజిక్ 2015 నుంచి ఇక్కడుంది, 2021లో అదనపు రుసుము లేకుండానే లాస్‌లెస్ తెచ్చింది. కాగితం మీద తెలుగు శ్రోతకు ఇంతకు మించిన బేరం లేదు. చిక్కు ఎక్కడంటే, ఆపిల్ మ్యూజిక్‌ను నేరుగా నడపగల హైఫై స్ట్రీమర్లు బహు తక్కువ. ఐఫోన్ నుంచి ఎయిర్‌ప్లే 2లో పంపితే చాలా సందర్భాల్లో పాట 256 కిలోబిట్ల ఏఏసీగా మారిపోతుంది. లాస్‌లెస్‌కు డబ్బు కట్టి, చివరికి వినేది లాస్‌లెస్ కాదు. చైనాలోని షెన్‌జెన్‌కు చెందిన ఎవర్సోలో డీఎంపీ-ఏ6 వంటి పెట్టెలకు పేరొచ్చింది ఈ ఖాళీలోనే. లోపల ఆండ్రాయిడ్ నడుస్తుంది కాబట్టి అందులోనే ఆపిల్ మ్యూజిక్ ఆప్ పెట్టుకుని పాటను తగ్గించకుండా వినవచ్చు.

జియోసావన్, గానా, యూట్యూబ్ మ్యూజిక్ మాటేమిటి? తెలుగు శ్రోతకు ఇవి పక్కన పెట్టదగ్గవి కావు. ముఖ్యంగా యూట్యూబ్. పాత నాటకాల పద్యాలు, హరికథలు, ఎవరో ఇంట్లో రికార్డు చేసిన కచేరీలు, క్యాసెట్టు రోజుల్లో అచ్చయి తర్వాత ఎక్కడా కనబడని భక్తిగీతాలు అక్కడే దొరుకుతాయి. నాణ్యత 256 కిలోబిట్ల దగ్గర ఆగిపోయినా, మూలమే క్యాసెట్టు అయినప్పుడు దాని గురించి బెంగపడటం అనవసరం. ఈ సేవల పాటను హైఫైకి తెచ్చే అందమైన దారి గూగుల్ క్యాస్ట్. ఆండ్రాయిడ్ ఫోన్లే ఎక్కువున్న ఇంట్లో స్ట్రీమర్‌కు క్యాస్ట్ ఉందా లేదా అన్నదే మొదటి ప్రశ్న కావాలి.

ఇక్కడే పేర్లు చూసి మోసపోయే వీలుంది. కెనడాకు చెందిన బ్లూసౌండ్ నోడ్ దృఢమైన, ఏళ్ళ తరబడి మెరుగులు దిద్దుకున్న స్ట్రీమర్. అందులో ఎయిర్‌ప్లే 2 ఉంది, గూగుల్ క్యాస్ట్ లేదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో జియోసావన్ వినేవాడికి అంత ఖరీదైన నోడ్ కూడా చివరికి బ్లూటూత్ డబ్బాగానే మిగులుతుంది. లింక్‌ప్లే సంస్థ వీమ్ శ్రేణిలో తమాషా ఇంకోలా ఉంటుంది. అన్నిటికంటే చవకైన వీమ్ మినీలో ఎయిర్‌ప్లే ఉంది, క్యాస్ట్ లేదు. వీమ్ ప్రో, ప్రో ప్లస్‌లలో రెండూ ఉన్నాయి. వాటి తర్వాత 2024లో వచ్చిన, వాటికంటే ఖరీదైన వీమ్ అల్ట్రాలో క్యాస్ట్ ఉండి ఎయిర్‌ప్లే లేకుండా పోయింది. అంటే ఎక్కువ డబ్బు పెట్టిన ఐఫోన్ వాడకందారు తక్కువ పొందుతాడు. కేంబ్రిడ్జ్ ఆడియో ఎంఎక్స్‌ఎన్10లో రెండూ ఉన్నాయి. రకరకాల ఫోన్లున్న ఉమ్మడి కుటుంబానికి రెండూ ఉన్న పెట్టె కొంటే ఇంట్లో పేచీ ఉండదు.

సేవలు మూతపడటం కూడా లెక్కలోకి తీసుకోవాలి. గూగుల్ ప్లే మ్యూజిక్ 2020లో పోయింది. ఎయిర్‌టెల్ వారి వింక్‌ను 2024లో మూసేశారు. ఒకే సేవను నమ్ముకున్న పెట్టె కంటే నాలుగు దారులు తెరిచి ఉంచిన పెట్టె నయం.

రేడియో

దేవనహళ్ళి నుంచి బెంగళూరు వెళ్ళే దారిలో వచ్చే యలహంకలో ఆకాశవాణికి 500 కిలోవాట్ల షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్లు నెలకొల్పారు, దేశం హద్దులు దాటి వినిపించేంత శక్తి గలవి. అంతటి గోపురాల పొరుగున ఉండే ఇంట్లో కూడా ఇప్పుడు రేడియో వైఫై మీదనే వస్తోంది. 2016 గణతంత్ర దినోత్సవం నాడు ఆకాశవాణి బెంగళూరు నుంచే రాగం అనే ఇరవై నాలుగు గంటల శాస్త్రీయ సంగీత ఛానల్ ప్రారంభించింది. ప్రసారం డీటీహెచ్ ద్వారా, ఇంటర్నెట్ ద్వారా. కర్ణాటక, హిందూస్థానీ సంగీతాలు రెండూ రోజంతా వస్తాయి. రుసుము లేదు. ప్రసార భారతి న్యూస్‌ఆన్ఎయిర్ ఆప్‌లో రెండు వందలకు పైగా ప్రసారాలుంటాయి. 1948లో మొదలైన విజయవాడ కేంద్రం, హైదరాబాద్ కేంద్రం వాటిలో ఉన్నాయి.

స్ట్రీమర్ కొనేవాళ్ళు ఈ సంగతి తరచూ మరిచిపోతారు. చాలా స్ట్రీమర్లలో ట్యూన్ఇన్ వంటి రేడియో పట్టికలు ఉంటాయి, అయితే వాటిలో ఆకాశవాణి కేంద్రాల చిరునామాలు ఎప్పుడూ తాజాగా ఉంటాయన్న భరోసా లేదు. ప్రసారం చిరునామాను చేత్తో చేర్చుకుని, దాన్ని ఒక మీటకు కట్టిపెట్టుకునే వీలున్న పెట్టె అయితే మంచిది. పొద్దున్నే లేచిన తాతగారికి ఫోన్ తెరవడం, ఆప్ వెతకడం, క్యాస్ట్ గుర్తు నొక్కడం ఒక పరీక్ష. రిమోట్ మీద ఒకటో మీట నొక్కితే విజయవాడ, రెండు నొక్కితే రాగం అంటే ఆయన రోజూ వింటారు. 2017లో సరేగమ తెచ్చిన కార్వాన్ అంతగా అమ్ముడుపోయింది ఎందుకని? లోపల అయిదు వేల పాటలు నింపి, ఫోన్ జోలి లేకుండా, తిప్పే గుండీ పెట్టినందుకే. తెలుగు కార్వాన్ కూడా వచ్చింది. వేలు పోసి కొన్న స్ట్రీమర్ ఆ సుఖం ఇవ్వలేకపోతే అది ఇంట్లో ఒక్కరి వస్తువుగా మిగిలిపోతుంది.

సొంత ఖజానా

తెలుగు ఇళ్ళలో సీడీల పెట్టెలు ఇంకా అటకల మీద ఉన్నాయి. వాటిని కంప్యూటర్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నాణ్యత నష్టం లేని ఫ్లాక్ ఫైళ్ళుగా మార్చుకోవచ్చు. ఒక్కో సీడీ సుమారు మూడు నాలుగు వందల మెగాబైట్లు పడుతుంది, అంటే ఒక టెరాబైటు డిస్కులో రెండు వేల పైచిలుకు సీడీలు. ఆ డిస్కును స్ట్రీమర్ వెనక యూఎస్‌బీలో పెట్టడం సులువైన దారి, నెట్‌వర్క్‌లో ఎన్ఏఎస్ అనే డిస్కుల పెట్టె పెట్టడం పెద్ద ఖజానాలకు.

కర్ణాటక సంగీతం వినేవాళ్ళు ఒక్క విషయం పట్టుబట్టి చూడాలి: పాటకూ పాటకూ మధ్య విరామం రాకుండా వాయించే గ్యాప్‌లెస్ సౌకర్యం. కచేరీ సీడీల్లో రాగం ఒక ట్రాకు, తానం ఒకటి, పల్లవి ఒకటిగా విడగొట్టి ఉంటాయి. ఆలాపన ముగిసి వయొలిన్ అందుకుంటున్న చోట అర సెకను నిశ్శబ్దం పడిందంటే రసికుడికి ప్రాణం పోయినంత పని. సొంత డిస్కు నుంచి వాయించేటప్పుడు మంచి స్ట్రీమర్లు దీన్ని సరిగ్గా చేస్తాయి. క్యాస్ట్ ద్వారా పంపినప్పుడు మాత్రం నమ్మకం తక్కువ.

ఇక పేర్ల గందరగోళం. పాశ్చాత్య సంగీతం కోసం తయారైన ఆప్‌లకు గాయకుడు, ఆల్బం ఉంటే చాలు. ఒక త్యాగరాజ కృతికి మాత్రం వాగ్గేయకారుడు, రాగం, తాళం, గాయకుడు, కచేరీ జరిగిన ఊరు అన్నీ కావాలి. ఎందరో మహానుభావులు కృతిని పదిమంది పాడినవి వరసగా వినాలనుకున్న శ్రోత, రోమన్ లిపిలో దాన్ని పది రకాలుగా రాసిన పట్టికల్లో ఈదాల్సిందే. సొంత ఖజానాలో అయితే స్వరకర్త గడిలో వాగ్గేయకారుడి పేరు, శైలి గడిలో రాగం పేరు పెట్టుకుని ఒక పద్ధతిలో నింపుకోవచ్చు. లిరియన్ వంటి సర్వర్లు ఆ గడులను గౌరవిస్తాయి. తెలుగు లిపిలో పేర్లు పెట్టాలనుకుంటే కొనే ముందు ఒక పెన్‌డ్రైవ్‌లో నాలుగు పాటలు తీసుకెళ్ళి దుకాణంలో పరీక్షించడం మంచిది. ఫాంటు లేని తెర మీద తెలుగు పేర్లన్నీ చదరపు గడులవుతాయి.

అంకెల మోజు

పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉండేవి 32 బిట్లు, 384 కిలోహెర్ట్జ్. సీడీ 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్. ఆ లెక్కతో 22 కిలోహెర్ట్జ్ వరకూ ధ్వనిని బంధించవచ్చు, చిన్నపిల్లల చెవి కూడా సాధారణంగా 20 దాటి వినదు. 16 బిట్లు సుమారు 96 డెసిబెళ్ళ వ్యత్యాసాన్ని పట్టుకుంటాయి. 24 బిట్లు సిద్ధాంతంలో 144. విమానాలు దిగే దారి కింద ఉన్న హాల్లో కూర్చుని ఈ రెండో అంకె గురించి వాదించుకోవడం బాగుంటుంది, కానీ వినడానికి అంత నిశ్శబ్దం దొరకదు. మాయాబజార్ 1957 నాటి చిత్రం, మోనో ధ్వని. దాన్ని 192 కిలోహెర్ట్జ్‌లో విన్నా, మంచి సీడీ నాణ్యతలో విన్నా అందులో లేనిది పుట్టదు. అలాంటి పాటలకు కావలసింది శ్రద్ధగా చేసిన మాస్టరింగ్. అది స్ట్రీమర్ చేతిలో లేదు.

చిప్ పేరు మీద మోజు ఇంకొకటి. 2020 అక్టోబరులో జపాన్‌లోని నొబెయొకాలో ఏకేఎం సంస్థ కర్మాగారం తగలబడింది. డాక్ చిప్‌లకు కరువొచ్చి, ఎన్నో కంపెనీలు తమ పెట్టెల్లో ఆ చిప్ తీసేసి ఈఎస్ఎస్ వంటి మరో సంస్థది పెట్టాయి. అంతకు ముందు ఏకేఎం ధ్వని మెత్తన, ఈఎస్ఎస్ పదును అని అదే పనిగా వాదించినవాళ్ళు ఆ తర్వాత కూడా సుఖంగానే విన్నారు. ఎంక్యూఏ ముద్ర గతి కూడా చెప్పుకోదగ్గదే. అధిక నాణ్యతకు గుర్తుగా ఏళ్ళపాటు పెట్టెల మీద వెలిగిన ఆ సాంకేతికత యజమాని సంస్థ 2023లో దివాలా పరిపాలనలోకి పోయింది, మరుసటి ఏడాది టైడల్ కూడా దాన్ని వదిలేసింది. ఇప్పటికీ పాత పెట్టెల ప్రకటనల్లో అది గొప్పగా కనబడుతూ ఉంటుంది.

శ్రోత చుట్టూ ధ్వనిని పరిచే డాల్బీ అట్మాస్ మాట వేరు. దీనికీ బెంగళూరు తెలుగుకూ ఒక ముడి ఉంది. మనోహర్ నాయుడు బెంగళూరులో స్థాపించిన లహరి సంస్థ కన్నడ, తెలుగు, తమిళ పాటల్లో పెద్ద పేరు. ఆర్ఆర్ఆర్ పాటలను టీ-సిరీస్‌తో కలిసి విడుదల చేసింది. అదే లహరి 2021లో రికీ కేజ్, స్టువర్ట్ కోప్‌లాండ్‌ల డివైన్ టైడ్స్ ఆల్బంను తెచ్చింది. అది 2022లో న్యూ ఏజ్ విభాగంలో గ్రామీ గెలిచి, 2023లో మళ్ళీ ఇమర్సివ్ ఆడియో విభాగంలో గెలిచింది. ఆ రెండో బహుమతి చుట్టూ పరుచుకునే బహుళ ఛానళ్ళ ధ్వనికి. రెండు స్పీకర్ల హైఫైకి తగిలించే మామూలు స్ట్రీమర్ దాన్ని ఆ రూపంలో వినిపించలేదు. అట్మాస్ కావాలనుకునేవాళ్ళు హోమ్ థియేటర్ వైపు, ఏవీ రిసీవర్ వైపు చూడాలి.

మిగిలిన డబ్బు ఎక్కడ పెట్టాలి? కొత్త విల్లాల్లో, అపార్ట్‌మెంట్లలో నేల మీద నున్నటి టైల్సు, ఒక గోడంతా గాజు. చప్పట్లు కొడితే గది తిరిగి కొడుతుంది. రెండు మందపాటి తివాచీలు, బరువైన తెరలు, పుస్తకాల అల్మరా చేసే మార్పు ఏ చిప్ చేయలేదు. గది ధ్వనిని మైకుతో కొలిచి బాస్‌ను సరిదిద్దే సౌకర్యం వీమ్‌లోనూ, డిరాక్ పేరుతో కొన్ని బ్లూసౌండ్ నమూనాల్లోనూ ఉంది. డాక్ మార్పు కంటే దీని ప్రభావం స్పష్టంగా వినబడుతుంది.

ఇల్లు, కరెంటు, వైఫై

24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్ స్టీరియో సంగీతానికి కుదించకుండానే సెకనుకు 9.2 మెగాబిట్లు చాలు. కాబట్టి ఇంటర్నెట్ వేగం సమస్య కాదు, కాంక్రీటు గోడలు సమస్య. రూటరు గుమ్మం దగ్గరి విద్యుత్ పెట్టెలో, హైఫై ఇంటి ఆ చివర ఉంటే పాట తెగుతుంది. వీలున్నచోట ఈథర్‌నెట్ తీగ లాగడమే పరిష్కారం. మామూలు తీగ చాలు, వేల రూపాయల ఆడియోఫైల్ ఈథర్‌నెట్ తీగ అక్కర్లేదు. సర్వీస్డ్ అపార్ట్‌మెంట్లు, పీజీల్లో మరో చిక్కు: యాజమాన్యం వైఫైలో ఒక పరికరం మరో పరికరానికి కనబడకుండా కట్టడి చేసి ఉంటుంది. ఫోన్ ఎంత వెతికినా స్ట్రీమర్ దొరకదు. సొంత రూటరు పెట్టుకోవడం తప్ప దారి లేదు.

కరెంటు పోయి జనరేటరు అందుకునే ఆ కొద్ది క్షణాల్లో స్ట్రీమర్, రూటరు రెండూ ఆరిపోతాయి. రూటరు లేచేసరికి స్ట్రీమర్ వెతికి అలసిపోయి ఉంటుంది. రెంటినీ చిన్న యూపీఎస్ మీద పెడితే ఈ తలనొప్పి తీరుతుంది. స్పీకర్లలో సన్నని గుంయ్ మోత వస్తే తప్పంతా స్ట్రీమర్ మీద వేయనక్కర్లేదు. టీవీ, సెట్‌టాప్ బాక్సు, యాంపు వేర్వేరు ఎర్తింగ్‌లను కలిపినప్పుడు వచ్చే మోత అది. ఆప్టికల్ తీగ కాంతిని మాత్రమే పంపుతుంది, లోహం కలవదు, కాబట్టి ఆ దారిన వచ్చే మోత ఆగిపోతుంది.

హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ ఉన్న స్ట్రీమర్‌కు ఇంకో లాభం ఉంది. టీవీ సినిమా శబ్దం కూడా పెద్ద స్పీకర్లలో వస్తుంది, టీవీ రిమోట్‌తోనే వాల్యూం మారుతుంది. హైఫైకి ఇంట్లో ఓట్లు పడేది చాలాసార్లు ఈ కారణంతోనే. వీమ్ అల్ట్రా, బ్లూసౌండ్ నోడ్ ఇందుకు పనికొస్తాయి. వీమ్ అల్ట్రాలో రికార్డ్ ప్లేయర్ తగిలించుకునే ఫోనో రంధ్రమూ ఉంది, అయితే ఎల్పీ ధ్వనిని అది ముందు అంకెలుగా మార్చి ఆ తర్వాతే పంపుతుంది. అనలాగ్ పట్టింపు ఉన్నవాళ్ళు రికార్డ్ ప్లేయర్‌ను యాంపుకే నేరుగా తగిలించుకుంటారు.

అమెరికా, సింగపూర్ నుంచి వచ్చే బంధువుల చేత స్ట్రీమర్ తెప్పించుకునేవాళ్ళూ ఉంటారు. కరెంటు విషయంలో చాలా స్ట్రీమర్లకు ఇబ్బంది ఉండదు, వాటి అడాప్టర్లు 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటాయి. వెనక అచ్చువేసిన అంకె చూసుకుంటే చాలు. వారంటీ మాత్రం సాధారణంగా కొన్న దేశంలోనే చెల్లుతుంది, సామాను పరిమితి దాటితే కస్టమ్స్ సుంకం పడుతుంది. ఇక్కడ అధికారికంగా అమ్మే వైర్‌లెస్ పరికరాలకు టెలికం శాఖ డబ్ల్యూపీసీ ఆమోదం ఉంటుంది, సర్వీసు అడగడానికి ఒక దుకాణం ఉంటుంది. వీమ్, బ్లూసౌండ్, కేంబ్రిడ్జ్ వంటివి ఇప్పుడు దేశంలోనే దొరుకుతున్నాయి కాబట్టి ధరల తేడా వారంటీని వదులుకునేంత ఉందా అని లెక్క చూసుకోవాలి. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ళు పాత యజమాని ఖాతా నుంచి పెట్టెను పూర్తిగా తీయించి, ఫ్యాక్టరీ రీసెట్ చేయించి, తమ ఫోన్‌తో ఒక పాట, ఒక రేడియో కేంద్రం వాయించి చూశాకే డబ్బివ్వడం మంచిది.